కాలనేమి తొందర, పిప్పలాదుని ఏడాది

2025 జూలైలో ఉత్తరాఖండ్ ప్రభుత్వం కపట సాధువులను పట్టుకోవడానికి ‘ఆపరేషన్ కాలనేమి’ని ఆరంభించింది. అంతకు ఏడాది ముందు, 2024 జూలై 2న, ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ జిల్లాలో ఒక సత్సంగ సభ ముగింపున జరిగిన తొక్కిసలాటలో 121 మంది మరణించారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఈ వార్తలు విన్న భక్తులకు ఒక సందేహం కలగడం సహజం. గృహస్థులుగా ఉంటూనే ఒక మఠానికో, ఆశ్రమానికో శిష్యులం కాదలచినప్పుడు, అది నిజమైనదని తెలుసుకొనడం ఎలా?

సంజీవని కోసం వెళ్తున్న హనుమంతుణ్ణి అడ్డగించడానికి రావణుడు పంపిన రాక్షసుడే కాలనేమి. ముని వేషం ధరించాడు, ఆశ్రమం కల్పించాడు, రామకథ సైతం చెప్పాడు. తులసీదాసు రామాయణంలో అతడు హనుమంతునితో, స్నానం చేసి త్వరగా వస్తే దీక్ష ఇస్తానంటాడు. పరిచయమైన గడియలోనే దీక్ష!

ప్రశ్నోపనిషత్తులో పిప్పలాద మహర్షి తీరు దీనికి పూర్తిగా భిన్నం. సుకేశుడు మొదలైన ఆరుగురు వేదనిష్ఠులు సమిధలు చేతబట్టి వచ్చినా, ఆయన వెంటనే ఉపదేశించలేదు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం ఉండి, ఆ తరువాత అడగమన్నాడు. తనకు తెలిసి ఉంటేనే చెబుతానన్నాడు. పరమతంలోనూ ఇటువంటి నియమం కనిపిస్తుంది. కాథలిక్కుల బెనెడిక్టు మఠాలలో ఇంటనే ఉంటూ ‘ఓబ్లేట్లు’గా చేరదలచిన గృహస్థులకు సాధారణంగా ఏడాది పరిశీలన కాలం ఉంటుంది.

ఆ ఏడాదిలో మూడు విషయాలు గమనించండి. మొదటిది పరంపర. ఆ గురువుకు గురువెవరు? శృంగేరిలో 2015లో విధుశేఖర భారతీస్వామివారి శిష్యస్వీకారం లోకమంతా ఎరిగేలా జరిగింది. రెండవది లెక్క. రామకృష్ణ మిషన్ ఏటా తన కార్యక్రమాల నివేదికను ప్రకటిస్తుంది. మూడవది మీ ఇల్లు. భార్యాభర్తల మధ్య రహస్యం పెట్టమన్నా, పొలం పట్టా పాసుపుస్తకం అడిగినా, ఆ గడప దిగి వచ్చేయండి.

పరీక్షించడం గురుద్రోహం కాదా అని శంకించవద్దు. గీత నాల్గవ అధ్యాయంలో భగవానుడు నమస్కారానికీ, సేవకూ నడుమ ప్రశ్నకు స్థానమిచ్చాడు. మా యాలాల్ నుండి తాండూరు మీదుగా హైదరాబాదు దోమలగూడ రామకృష్ణ మఠానికి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఏ ఆశ్రమమైనా సరే, నెలకొకసారి వెళ్లండి, వినండి, అడగండి. ఏడాది నిండాక దంపతులిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. అంతవరకు ఇంటి దీపారాధన, కులదైవ స్మరణ చాలు.