కొమ్ము పిడి కత్తికి ధర కట్టే ముందు

తెలుక్ ఇంటాన్‌లో ఒరిగిన గడియారం గోపురానికి దగ్గర్లోనే మా కుర్రాళ్ల గది. పోయిన నెల ఓ ఆదివారం, మా సైట్‌లో రాడ్ బెండింగ్ చేసే జగిత్యాల కుర్రాడు కాగితంలో చుట్టిన కత్తి తీసి చూపించాడు. "అన్నా, జింక కొమ్ము పిడి. చెక్కుడు జూడు. ఆరొందల రింగిట్లే. ఊరికి తీస్కపోతే మా బాపు ఖుషీ అయితడు" అన్నాడు. తిప్పి చూశాను. పిడికి రెండు పక్కలా ఒకే చోట ఒకే గీత, అడుగున సన్నటి అతుకు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ అది! ఆరొందలంటే వాడికి దాదాపు పది రోజుల కూలి.

తప్పు కొంత మన భాషది కూడా. గేదెకీ కొమ్మే, జింకకీ కొమ్మే అనేస్తాం. గేదె కొమ్ము మన గోరులాంటి పదార్థం, మొదట్లో బోలుగా ఉంటుంది. జింకది అసలు ఎముక, రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. కోసిన చోట భూతద్దం పెట్టి చూడండి. చుట్టూ గట్టిగా, నడుమ స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలు కనపడాలి. కణుజు కొమ్ములో ఆ స్పాంజి భాగం తక్కువ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల వాళ్లు ఒకప్పుడు మన దేశం నుంచి అదే తెప్పించుకునేవారు. కాల్చిన సూది ఆనిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, కొమ్ము కరగదు. కానీ మచ్చ పడుతుంది కాబట్టి ఇతరుల వస్తువు మీద ఆ పని చేయకండి.

చేత్తో చెక్కిన దాంట్లో ఒక్కో గాటుది ఒక్కో లోతు. చేయి పట్టే చోట నునుపెక్కి పసుపు తిరుగుతుంది. రంగు పూసి పాతదనిపించేది అంతటా ఒకే తీరుగా ఉంటుంది. సారవాక్‌లో కయాన్, కెన్యా జాతుల వాళ్ల పారాంగ్ ఇలాంగ్ చూడండి, పిడి జింక కొమ్ముతో చెక్కి వెంట్రుకల కుచ్చు కడతారు. బ్లేడు ఒక పక్క ఉబ్బుగా, ఇంకో పక్క కాస్త లోతుగా ఉంటుంది. రెండు పక్కలా చదునుగా ఉందంటే అనుమానించాల్సిందే. మామూలు పారాంగ్‌లైతే లారీ కమాను కట్టలతో సాగగొడతారు, వాటి వెన్ను పిడి దగ్గర మందంగా ఉండి కొసకు పోను పోను పలచబడుతుంది.

నన్నడిగితే, నకిలీ కొనడం కన్నా అసలుది తెగనమ్ముకోవడమే పెద్ద నష్టం. బగాన్ దాతుక్ వైపు ఓ తెలుగు ఇంట్లో, శ్రీకాకుళం నుంచి తోట పనికి వచ్చిన తాతగారి కొమ్ము పిడి పారాంగ్ వంటింట్లో వేలాడేది. మనవడు దాన్ని ఇసుక కాగితంతో తళతళా రుద్ది, ఎనభై రింగిట్‌లకి పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. రుద్దినప్పుడే దాని ధర సగం పోయింది. ఇక తాతగారి చేతి గుర్తు ఎన్ని రింగిట్‌లిస్తే వస్తుంది?

ఇంకో సంగతి. నిజం కొమ్ము పిడిని ఊరికి తేవాలనుకునేవాళ్లు ఆగండి. మన దేశంలో 1972, ఇక్కడ 2010 వన్యప్రాణి చట్టాలున్నాయి. కస్టమ్స్‌లో దొరికితే కత్తి పోవడంతో ఆగకపోవచ్చు. ఇక్కడ వీధిలో కత్తి వెంట పెట్టుకుని తిరిగినా 1958 చట్టం కింద కేసే. బాపుకి ఇవ్వాలనుంటే కర్ర పిడి కత్తి కొని, బిల్లు తీసుకుని, చెకిన్ పెట్టెలో వేసుకోండి.

దుకాణం వాడు డబ్బు వెనక్కివ్వలేదు. కుర్రాడు ఆ కత్తితో ఇప్పుడు సైట్‌లో సిమెంటు బస్తాలు కోస్తున్నాడు. పదును మాత్రం బాగానే ఉంది.