ఆదరణ కూడిక అయ్యాక



ఒక ఇంట మరణం సంభవిస్తే మన సంఘమంతా కదలి వస్తుంది. సమాధి కార్యక్రమం, ఆ తర్వాత ఆదరణ కూడిక, నలుగురైదుగురు సేవకుల వాక్యం, భోజనాలు. మంచిదే. కాని అక్కడ మనం పలికే ఒక మాట నాకు నచ్చదు. "ఏడవకమ్మా, విశ్వాసులు ఏడవకూడదు" అంటాం. ఎక్కడుంది ఆ మాట? నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు పౌలు (1 థెస్స 4:13). అసలు దుఃఖపడవద్దని అనలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఏడ్చాడు.

దుఃఖంలో ఉన్నవారికి తోడ్పడే వైద్యులు, కౌన్సిలర్లు చెప్పేదీ దీనికి దూరం కాదు. దుఃఖానికి ఐదు దశలని మీలో కొందరు విని ఉంటారు. అవి ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో రాసిన పుస్తకంలోనివి. ఆమె మాట్లాడింది మరణానికి దగ్గరైన రోగులతో, ఆప్తులను పోగొట్టుకున్నవారితో కాదు. కాబట్టి ఆ కొలబద్దతో ఎవరి కన్నీటినీ కొలవకండి. 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పినది మన ఊరికి బాగా సరిపోతుంది. మనిషి కాసేపు దుఃఖంలోకి, కాసేపు బతుకు పనుల్లోకి అటూ ఇటూ తిరుగుతుంటాడట. అదే ఆరోగ్యం. భర్త పోయిన నెలకే మిరప కోతకు వెళ్లిన చెల్లెలిని చూసి "అప్పుడే మర్చిపోయింది" అంటారు మనవాళ్లు. రాత్రి ఆమె ఆయన చొక్కా పట్టుకొని ఏడవడం వీళ్లకు కనబడదు గదా!

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. అందుకే ఆదరణ కూడికలో ఒక్కరే క్లుప్తంగా వాక్యం చెబితే చాలని నా అభిప్రాయం. సేవకులు నొచ్చుకున్నా సరే.

అసలు అవసరం ఆ తర్వాతే మొదలవుతుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ధ్రువీకరణ పత్రం లేనిదే వితంతు పింఛను కదలదు, బ్యాంకులో డబ్బు రాదు. చదువురాని తల్లికి ఆఫీసుల చుట్టూ తోడు తిరగడం కూడా ఆదరణే.

ఇంకొక సంగతి. ఆరు నెలలు దాటినా దుఃఖం తగ్గక, లేచి పని చేసుకోలేని స్థితి ఉంటే దానికి వైద్యం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల పట్టికలో అది చేరింది. ప్రార్థన చేద్దాం, డాక్టరు దగ్గరకూ తీసుకెళ్దాం. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట వినబడితే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఏడాది ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాల పేర్లు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత రాసుకుందాం. స్త్రీల సమాజం నుంచి ఇంటికి ఇద్దరు చొప్పున నెలనెలా వెళ్లేవారు ముందుకు రండి.