పిల్లవాడి కాగితం

కెనడా చేరిన తెలుగువారికి ఫారాలు కొత్త కాదు. వర్క్ పర్మిట్, శాశ్వత నివాసం (పీఆర్), బడిలో చేర్పింపు, ఏటేటా పన్నుల రిటర్ను... రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందేసుకుని అన్నీ సొంతంగా పూర్తిచేసుకున్నవారే. టొరంటోకు పడమరనున్న మిల్టన్ ఇలాంటి వలస కుటుంబాలతోనే పెరిగింది. 2001లో ఆ ఊరి జనాభా 31,471. 2021 జనగణన నాటికి 1,32,979. చంకనెత్తుకుని తెచ్చిన పిల్లలు ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్నారు. ఆ వయసులో కొట్లాటలుంటాయి, దుకాణాల్లో చేతివాటం ఉంటుంది, ఫోన్లో పంపకూడని ఫొటోలుంటాయి. అందులో ఏదో ఒకటి పోలీసుల దాకా వెళ్లిన రోజున ఇంటికొక కాగితం వస్తుంది. దానిమీద ఉండేది తండ్రి పేరు కాదు.

అలవాటు కొద్దీ తండ్రి చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో వెతకడం. ‘జువనైల్’ అని కొట్టగానే అమెరికా రాష్ట్రాల ఫారాలు కుప్పలుగా వచ్చి పడతాయి. మిల్టన్‌లో అవి చెల్లవు. ఇక్కడ నడిచేది 2003 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన యూత్ క్రిమినల్ జస్టిస్ చట్టం. నేరం జరిగిననాటికి 12 ఏళ్లు నిండి, 18 నిండనివారికి అది వర్తిస్తుంది. అంటారియో కోర్ట్ ఆఫ్ జస్టిసే వారికి యూత్ కోర్టు. మిల్టన్‌లో అది స్టీల్స్ అవెన్యూ మీద ఉంది. కుటుంబ వ్యాజ్యాలకైతే ప్రశ్నలకు జవాబులిస్తూ ఆన్‌లైన్‌లోనే ఫారం తయారు చేసుకునే సౌకర్యం అంటారియోలో ఉంది, మెచ్చుకోదగ్గదే. పిల్లల నేర విచారణ సంగతి వేరు. అందులో ఇంటివాళ్లు నింపాల్సిన ఫారాలు తక్కువ, నిదానంగా చదవాల్సినవి ఎక్కువ.

పోలీసులు పిల్లవాడిని ఇంటికి పంపేటప్పుడు ‘అండర్‌టేకింగ్’ మీద సంతకం తీసుకోవచ్చు. కోర్టుకు రావాల్సిన తేదీ, పాటించాల్సిన షరతులు అందులో ఉంటాయి. ఫలానా విద్యార్థితో నేరుగా గానీ, మరొకరి ద్వారా గానీ మాట్లాడకూడదన్నది తరచుగా కనిపించే షరతు. మన ఇళ్లలో పిల్లలు తప్పు చేస్తే ఏం చేస్తాం? ‘పద, వాళ్లింటికెళ్లి సారీ చెబుదువు గాని’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాం. పెంపకంలో అది మంచి పనే. ఆ షరతు ఉండగా చేస్తే మాత్రం అదే కొత్త కేసు కావచ్చు. చట్టం క్షమాపణకు తలుపులు మూయలేదు. కోర్టు మెట్లెక్కకుండా పరిష్కరించే ఏర్పాట్లలో క్షమాపణ లేఖ, సమాజ సేవ వంటివి ఉన్నాయి. చిన్న నేరాలైతే అభియోగం మోపే ముందు హెచ్చరించి వదిలేయవచ్చేమో పోలీసులు ఆలోచించి తీరాలని కూడా చట్టం అంటుంది. కాకపోతే అన్నింటికీ ఒక వేళ ఉంది, ఒక దారి ఉంది.

మనం అనే మరో మాట, స్టేషన్లో: ‘అంకుల్ అడుగుతున్నారు కదా, ఉన్నదున్నట్టు చెప్పేయ్.’ అబద్ధం ఆడొద్దని నేర్పినవాళ్లం, ఆ మాట అనకుండా ఉండలేం. కానీ నోరు విప్పనక్కర్లేదని, ముందుగా న్యాయవాదితోనూ పెద్దవారితోనూ మాట్లాడుకోవచ్చని పోలీసులు పిల్లవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పి తీరాలని చట్టంలోని 146వ సెక్షన్ చెబుతోంది. ఆ సలహా హక్కును పిల్లవాడు వదులుకుంటే దాన్ని ఆడియోలోనో వీడియోలోనో రికార్డు చేయాలి, లేదంటే రాతలో పెట్టి సంతకం తీసుకోవాలి. కేసు మొత్తంలో అన్నిటికన్నా బరువైన సంతకం అదే కావచ్చు.

తల్లిదండ్రులకు మింగుడుపడని నిబంధన ఇంకొకటుంది. వారి ప్రయోజనాలు, పిల్లవాడి ప్రయోజనాలు వేర్వేరని తోస్తే, వారితో నిమిత్తం లేని న్యాయవాది పిల్లవాడికి ఉండేలా జడ్జి చూడాలి. ఫీజు నేనిస్తున్నా, నాకు చెప్పరేం అని తండ్రి నొచ్చుకోవచ్చు. న్యాయవాది మాత్రం పిల్లవాడి మాటే వినాలి. అన్ని ఫారాలూ మనమే నింపుతూ వచ్చిన ఇంట్లో పదిహేనేళ్లవాడికి తన మాట తను చెప్పుకునే చోటు ఎక్కడుంది? ఈ నిబంధన సరైనదేనని మా అభిప్రాయం.

అలాగని పెద్దలకు పని లేదని కాదు. పిల్లవాడి గురించి చెప్పాల్సింది వాళ్లే. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద పిల్లవాడిని 24 గంటల్లో బోర్డు ముందు ప్రవేశపెట్టాలి. ఆ బోర్డులో మెజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. పిల్లవాడి ఇల్లు, చదువు, స్నేహాల గురించి సామాజిక పరిశోధన నివేదిక తయారవుతుంది. కెనడాలోనూ శిక్షకు ముందు అలాంటి నివేదికను కోర్టు తెప్పించుకోవచ్చు. అక్కడ తల్లి చెప్పే నాలుగు నిజాలకు విలువుంది.

పద్దెనిమిది నిండగానే రికార్డు చెరిగిపోతుందన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. అది తప్పు. చిన్న నేరాలకు శిక్ష పూర్తయ్యాక 3 ఏళ్లు, పెద్ద నేరాలకు 5 ఏళ్లు ఆ రికార్డు అందుబాటులో ఉంటుంది. బాగా తీవ్రమైన నేరాలకు ఇంకా ఎక్కువే. ఈలోగా పెద్దవాడిగా మరో నేరంలో దోషి అయితే పాతదీ పెద్దల రికార్డులోకి చేరుతుంది. పిల్లవాడి పేరు బయటపెట్టడంపైనా నిషేధం ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫలానా వారబ్బాయట’ అని పంచేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

డబ్బు లేదని, ఇంగ్లిష్ రాదని జంకనక్కర్లేదు. లీగల్ ఎయిడ్ అంటారియో ఉంది, కోర్టులోనే సాయపడే న్యాయవాదులు (డ్యూటీ కౌన్సెల్) ఉంటారు, టొరంటోలో జస్టిస్ ఫర్ చిల్డ్రన్ అండ్ యూత్ అనే న్యాయసహాయ కేంద్రం ఉంది, దుబాసీని అడిగే హక్కూ ఉంది. తెలుగు సంఘాలవారికి ఒక మనవి. ఈసారి వేసవి పిక్నిక్‌లో బాలల కేసులు చూసే న్యాయవాదిని ఒక గంటపాటు పిలవండి. పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి, ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.