ఫోను గుంజుకుంటే నేరం ఆగుతుందా?

మన దిక్కు ఆడపిల్లకు ఆపద వస్తే మొట్టమొదటి శిక్ష ఆ పిల్లకే పడుతుంది. ఎవడో దుర్మార్గుడు ఇన్‌స్టాగ్రాంలోని ఆమె ఫొటోను మార్ఫింగు చేసి, "పైసలు పంపు, లేకుంటే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెడత" అని బెదిరిస్తాడు. ఇంట్లో తెలిసిందా, ఫోను గుంజుకుంటరు, కాలేజి బంద్ పెట్టిస్తరు, రెండు నెలలు తిరగకముందే పెండ్లి సంబంధాలు చూస్తరు. వాడు మాత్రం సిమ్ము మార్చి ఇంకొక పిల్ల వెంట పడతాడు. ఇదెక్కడి న్యాయం?

"ఆడపిల్లకు ఫోనెందుకు?" అనే పెద్దలకు గౌరవంతోనే ఒక మాట మనవి చేస్తాను. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫుకు పోయినవారి ఇండ్లు ఎన్నో! దుబాయిలో ఉన్న భర్త ముఖం భార్య చూసేది ఆ ఫోనులోనే. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే ఇంటి పిల్లకు 'దోస్త్' అడ్మిషనైనా, స్కాలర్‌షిప్పైనా, పరీక్షా ఫలితమైనా అందులోనే. బీడీలు చుట్టి బిడ్డకు ఫోను కొనిచ్చిన తల్లి విలాసానికి కొనలేదు.

బెదిరించేవాడు నమ్ముకున్నది ఒక్కటే: ఈ పిల్ల ఇంట్లో చెప్పదు. మనం శిక్షించినకొద్దీ వాని నమ్మకం గట్టిపడుతుంది. ఒకసారి పైసలిస్తే మళ్ళీ అడుగుతాడు. భయపడి మెసేజీలు చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. స్క్రీన్‌షాట్లు, నంబరు, తేదీ దాచిపెట్టాలి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో ఇంటి నుండే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీమ్‌లు తరువాత మన జిల్లాలకూ వచ్చాయి. వద్దన్నా ఆన్‌లైన్‌లో వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. 2024 జులై 1 నుండి అమలైన కొత్త చట్టాల ప్రకారం "ఇది మా పరిధి కాదు" అని ఏ ఠాణా వారూ తిప్పి పంపరాదు.

ఇక సోదర విద్యార్థులారా, మన సంగతి. నేను చూసిన అవగాహన సదస్సుల్లో ముందు వరుసలన్నీ అమ్మాయిలవే, జాగ్రత్తలన్నీ వారికే. మనం వెనుక బెంచీల్లో ఫోను చూసుకుంటూ కూర్చుంటాం! 2023 నవంబరులో నటి రష్మిక డీప్‌ఫేక్ వీడియో వస్తే దేశమంతా మాట్లాడింది, 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుణ్ణి పట్టుకున్నారు. కోరుట్ల పిల్ల ఫొటో గ్రూపులో పడితే మాట్లాడేదెవరు? "నేను తీయలేదు, ఫార్వర్డు చేసిన, గంతే" అనే మిత్రులున్నారు. ఐ.టి. చట్టం 67వ సెక్షను అశ్లీలాన్ని ప్రచురించడమే కాదు, పంపడాన్నీ నేరమంటుంది. మొదటిసారికే 3 ఏండ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. లైంగిక దృశ్యాలైతే 67-ఎ కింద జైలు 5 ఏండ్ల దాకా. గంతే అనుకునేంత చిన్న పని కాదది.

విద్యార్థి సంఘం వారికి నా విన్నపం ఒకటుంది. ఆపదలో ఉన్న అమ్మాయితో ఠాణా దాకా తోడు వచ్చే ఒక లెక్చరర్ మేడం పేరు, ఇద్దరు విద్యార్థినుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టండి. వచ్చే సదస్సులో ముందు వరుసలు మగపిల్లలకు ఇవ్వండి. తల్లిదండ్రులకు వేరే సమావేశం పెట్టండి. బీడీ కార్ఖానాకు సెలవున్న రోజు చూసి పెడితే తల్లులు కూడా రాగలుగుతారు.