తునికాకు వద్దన్న ఊరు, బీడీ చుట్టే మన ఇళ్లు

సోలాపూర్‌లోని మన తెలుగు వాడల్లో తునికాకు తెలియని ఇల్లు అరుదు. ఆకు నానబెట్టి, కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తెచ్చుకోవడం మన అమ్మల కాలం నుంచీ ఉన్నదే. మొన్న సంఘం ఆఫీసులో జీఎస్టీ మాట వచ్చింది. 2025 సెప్టెంబరులో ఈ ఆకు మీద పన్ను 18 శాతం నుంచి 5కు తగ్గింది కదా, కూలి ఏమన్నా పెరుగుతుందా అని చర్చ. మధ్యలో ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, ఆకు కోయమన్న ఊరు కూడా ఉందంట, నిజమేనా?"

నిజమే. చంద్రపూర్ జిల్లాలోని పాచ్‌గావ్. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2012లో ఆ ఊరికి వెయ్యి హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. వెదురు తామే కొట్టి తామే అమ్ముకుంటున్నారు. తునికాకు మాత్రం మానేశారు. లేత ఆకు బాగా రావాలంటే ఎండాకాలానికి ముందు పొదలు నరకాలి, చాలాచోట్ల నిప్పు కూడా పెడతారు. ఆ నిప్పుకు మొలకలు చస్తాయి. పొదలు నరికితే పండ్లూ ఉండవు. ఈ లెక్కలన్నీ గ్రామసభలో కూర్చుని వేసుకుని వద్దనుకున్నారు. చేతికొచ్చే డబ్బు వదులుకోవడం చిన్న సంగతి కాదు.

వాళ్లకు దారి చూపింది గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద హక్కుపత్రం అందింది. కానీ వెదురును ఊరు దాటించే రవాణా పాసు అటవీ శాఖ చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు రాసిచ్చి తాళంచెవి జేబులో పెట్టుకున్నట్టు! ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఒక్క కాగితం ఆపితే ఎంతమంది ఆగిపోతారో నాకు తెలుసు. చివరికి 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి పాసు పుస్తకం గ్రామసభకే ఇప్పించారు. ఆ తర్వాతే హక్కుకు విలువ వచ్చింది.

మన పెద్దలు వచ్చిన తెలంగాణ వైపు చూస్తే, 2023లో పోడు పట్టాలు లక్షల ఎకరాలకు పంచారు. మంచిదే. అయితే అవి ఎవరి చేను వారికిచ్చిన పట్టాలు. ఊరంతా కలిసి అడవిని కాచుకునే హక్కు వేరు. అదే చట్టంలో ఉన్నా దాని మీద శ్రద్ధ తక్కువ. నా దృష్టిలో అసలు లోటు అక్కడే ఉంది.

ఉన్న హక్కు నిలుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. 2019 ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది, రెండు వారాలకే ఆ ఉత్తర్వును తానే నిలిపేసింది. 2022లో అటవీ సంరక్షణ నియమాలు మారాయి. గనికో డ్యాముకో అడవి ఇచ్చేటప్పుడు గ్రామసభ మాట తేలకముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చే వీలు కలిగింది. 2023లో గ్రీన్ క్రెడిట్ వచ్చింది. క్షీణించిన అడవిలో మొక్కలు నాటించిన కంపెనీలకు క్రెడిట్లు. కాగితంలో "క్షీణించిన" అని రాసిన నేల చాలాచోట్ల ఊరి పశువులు మేసే నేల, పుల్లలేరుకునే నేల. అక్కడ కంచె వేసే ముందు ఊరిని అడుగుతారా?

ఆ చెల్లెలికి నేను చెప్పింది ఇది. ఒక్క పాచ్‌గావ్ మానితే మన చాటలోకి ఆకు రావడం ఆగదు. గడ్చిరోలిలో ఎన్నో గ్రామసభలు ఆకు కోయించి తామే వేలం వేస్తున్నాయి, ఆ డబ్బు ఊళ్లకే చేరుతోంది. ఆమె ఊరుకోలేదు. "మరి వాళ్లకు ధర పెట్టే హక్కు వచ్చింది కదా, వెయ్యికి ఎంతని చెప్పే హక్కు మాకెప్పుడు?" అంది. వచ్చే నెల సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా అదే రాశాను.