వింత దూడ కాదు, రైతు నష్టం

రెండు తలల దూడ పుట్టిందనో, కళ్లు లేని గొర్రెపిల్ల పుట్టిందనో తెలిస్తే సెల్‌ఫోన్లు పట్టుకొని ఊరంతా కదులుతుంది. కలికాలమని ఒకరు, ఊరికి అరిష్టమని ఇంకొకరు అంటారు. సాయంత్రానికి రైతు దాన్ని బొంద పెడతాడు. తల్లి పశువు బతికిందా, ఎందుకిలా జరిగింది అని అడిగేవారుండరు.

ఇది శకునం కాదు. కవలలుగా విడిపోవలసిన పిండం మధ్యలో ఆగిపోతే రెండు తలలు వస్తాయి. అది అరుదు, ఎవరి తప్పూ కాదు. కానీ మన చేతిలో ఉన్న కారణాలూ ఉన్నాయి.

మొదటిది దగ్గరి రక్తం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆ పొట్టేలే ఏళ్ల తరబడి మందలో ఉంటే తన బిడ్డలనే దాటుతుంది. దాగి ఉన్న లోపాలు అప్పుడే బయటపడతాయి. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చాలి. ఊరి ఆబోతుకూ ఇదే లెక్క.

రెండోది మందు. నట్టల మందుల్లో అల్బెండజోల్‌ను సూడి గొర్రెలకు మొదటి నెలలో, ఆవులకు మొదటి 45 రోజుల్లో తాపొద్దు. పిండానికి అవయవాలు ఏర్పడే సమయమది. ఊరంతా ఒకేరోజు మందు తాపేటప్పుడు ఏవి సూడివో సిబ్బందికి మనమే చెప్పాలి.

మూడోది మేత. నెలల తరబడి ఉత్త వరిగడ్డే తిన్న తల్లికి ఎ విటమిన్ అందక గుడ్డి దూడలు పుట్టవచ్చు. సూడి పశువుకు రోజూ కొంత పచ్చిమేత వేయాలి.

ఈనలేక పశువు అవస్థ పడుతుంటే నలుగురు కలిసి తాళ్లతో గుంజొద్దు. 1962కు ఫోన్ చేయండి. దూడ పోయినా తల్లి దక్కాలి. పుట్టిన పిల్లకు పేడదారి ఉందో లేదో ఆ రోజే చూడండి. లేకపోతే వెంటనే డాక్టరుకు చూపిస్తే ఆపరేషన్‌తో కొన్ని బతుకుతాయి.

ఇక సర్కారు చేయవలసింది. ఎదకు వేసే ప్రతి స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటుంది. లోపంతో దూడ పుడితే ఆ నంబరుతో సహా పశువైద్యశాలలో నమోదు చేయాలి. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తే విచారించి ఆ వీర్యం ఆపాలి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. ఇంత దగ్గర పెట్టుకొని కూడా చచ్చిన దూడ పరీక్షకు పోకుండా బొందలోకి పోతే ఎట్లా?

రైతు సోదరులారా, సూది వేయించిన రోజే గోపాలమిత్రను అడిగి స్ట్రా నంబరు రాయించుకోండి. లోపంతో పిల్ల పుడితే దాచకండి, పశువైద్యశాలలో రాతపూర్వకంగా చెప్పండి. లెక్కలోకి రాని నష్టానికి జవాబు చెప్పేవాడు ఉండడు.