పాసుపుస్తకం ట్రంకులో, పాస్‌పోర్టు ఏజెంటు సంచిలో

రెండెకరాల మెట్ట భూమి పట్టాదారు పాసుపుస్తకాన్ని మన రైతు ఎంత భద్రంగా దాచుకుంటాడో అందరికీ తెలుసు. ట్రంకు పెట్టె అడుగున, పెళ్లినాటి చీర మడతలో ఉంటుంది అది. బ్యాంకువారు అడిగితే తప్ప బయటికి రాదు. అదే ఇంటి నుంచి కువైట్‌కు పోయే ఆడబిడ్డ పాస్‌పోర్టు మాత్రం పోస్టులో వచ్చిన రోజే ఏజెంటు సంచిలోకి పోతున్నది. విమానం దిగగానే యజమాని బీరువాలోకి చేరుతున్నది. ఆమె దానిని మళ్లీ చూసేది తిరుగు ప్రయాణం నాడే. ఆనాడు కూడా చూడనివారు లేకపోలేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు పడితే. వేరుశనగ ఊడలు దిగే సమయానికి మబ్బు మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిలో కలుస్తుంది, అప్పు మాత్రం మిగులుతుంది. అప్పుడు కొందరు బెంగుళూరు కట్టడం పనులకు దారి పడతారు. కదిరి, తలుపుల, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట వైపు పల్లెలకు దారి కువైట్. ఇళ్లలో వంట, పిల్లల పని చేసే ‘ఖద్దామా’ వీసా మీద అక్కడికి పోతున్నవారిలో ఆడవాళ్లే అధికం. పోవద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. పోయేవారి చేతిలో ఉండవలసిన కాగితం వారి చేతిలో ఎందుకు ఉండడం లేదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒకప్పుడు పాస్‌పోర్టు కావాలంటే మన జిల్లావాసులు హైదరాబాదు పోవలసి వచ్చేది. దారి ఖర్చులకు భయపడి మధ్యవర్తిని ఆశ్రయించారంటే అర్థం ఉంది. 2017 నుంచి దేశంలో తపాలా కార్యాలయాల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరుస్తూ వచ్చారు. అనంతపురంలోనూ ఉన్నది. 36 పేజీల పాస్‌పోర్టుకు 2012లో నిర్ణయించిన రుసుము 1,500 రూపాయలు. పోలీసు విచారణకు దరఖాస్తుదారు వేరుగా కట్టవలసినది ఏమీ లేదు. ఇంత తేలికైనా పల్లెల్లో ఇప్పటికీ ఏజెంటు అడిగినంత ఇస్తూనే ఉన్నారు. ఆయన నింపిన దరఖాస్తులో ఏమి రాశాడో అడిగేవారు లేరు. అసలు ముప్పు అక్కడే మొదలవుతున్నది.

పదో తరగతి ప్యాసు కానివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఇస్తారు. 1983 నాటి వలస చట్టం ప్రకారం, కువైట్, సౌదీ, ఖతార్ మొదలైన 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వీరు ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీకైతే 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ఈ స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా వచ్చింది. మన రాష్ట్రంలో ‘ఓంక్యాప్’ అటువంటిదే. వయసులో చిన్నవారు పరాయి ఇంట్లో అన్యాయమైపోకూడదనే ఈ కట్టడి పెట్టారు.

అయితే ఆకలి 30 ఏళ్లు నిండే దాకా ఆగదు. ఇరవై నాలుగేళ్ల తల్లికి ముప్పై ఒకటి వేసి పంపించడం ఏజెంటుకు పెద్ద పని కాదు. బడి టి.సి.లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి. పోయేనాడు అదొక ఉపకారంగానే కనిపిస్తుంది. పదేళ్ల గడువు తీరి కొత్తదానికి దరఖాస్తు చేసిననాడు గాని అసలు సంగతి తెలియదు. ఏ తేదీ నిజమని అధికారి అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు. పాస్‌పోర్టు కోసం తప్పుడు వివరం ఇచ్చినవారికి 1967 నాటి చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దరఖాస్తు మీద వేలిముద్ర ఆమెది, రాసినవాడి పేరు ఎక్కడా ఉండదు. పరాయి దేశంలో ప్రాణం మీదికి వస్తే బీమా సొమ్ముకు, పరిహారానికి తిరిగే భర్తకూ ఇదే తేడా అడ్డం పడుతుంది. సందర్శకుల వీసా మీద దొంగదారిన పంపితే ఆ బీమాయే ఉండదు. అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షల రూపాయల రక్షణ ఉన్నది. రెండేళ్లకు కట్టవలసింది 275 రూపాయలే.

ఇక యజమాని బీరువా సంగతి. పాస్‌పోర్టు ఏజెంటుదీ కాదు, కఫీల్‌దీ కాదు. ఆ మాటకొస్తే మోసుకుపోయే మనిషి సొత్తు కూడా కాదు, భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 చట్టమే చెబుతున్నది. ఇంటి పనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేకుండా ఉంచుకోరాదని కువైట్‌ కూడా 2015లో చట్టం చేసింది. అయినా ఆచారం మారలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు అనేకమంది భారతీయుల పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉండిపోయాయి. లక్షా డెబ్బై వేలకు పైగా మనవారిని విమానాల్లో తెచ్చిన ఆ రోజుల్లో చేతిలో కాగితం లేనివారు పడిన యాతన కువైట్ నుంచి తిరిగి వచ్చిన పెద్దలు ఇంకా మరచిపోలేదు.

పని చెడి ఇల్లు వదిలి బయటపడిన స్త్రీకి రాయబార కార్యాలయమే దిక్కు. అక్కడ కొత్త పాస్‌పోర్టో, స్వదేశానికి ఒక్కసారి రావడానికి పనికివచ్చే ‘అవుట్ పాస్’ కాగితమో ఇస్తారు. అందుకు పాత పాస్‌పోర్టు నంబరు తెలిస్తే పని సులువవుతుంది. దాని జిరాక్సు ఒకటి ఊళ్లో ఉంచి, మరొకటి ఆమె బట్టల సంచిలో పెట్టి పంపితే అయ్యే ఖర్చు పది రూపాయలు. ఇది చెప్పేవారే లేకపోవడం విచారకరం. స్వదేశంలో పోగొట్టుకున్నవారు పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో మళ్లీ దరఖాస్తు చేయాలి. పోయినదానికి బదులు తీసుకునే 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము రెట్టింపు, అంటే 3,000. గడువు తీరడానికి ఏడాది ముందే కొత్తది అడగవచ్చునని తెలియక, వీసా వచ్చాక పరుగులు తీసేవారు ఎందరో. ఆరు నెలల గడువైనా మిగిలి లేకుంటే చాలా దేశాలు లోపలికి రానీయవు.

రేపటి తరానికి ఇంకో చిక్కు ఉన్నది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే పుట్టిన తేదీకి రుజువని 2025లో నిబంధన మార్చారు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఖర్చు లేదు. అలాగే ఏడో తరగతిలో బడి మాన్పించి కందికాయ ఏరడానికి పంపే ఆడపిల్ల పదో తరగతి పూర్తి చేస్తే ఇ.సి.ఆర్. అన్న మూడక్షరాల బాధే ఉండదు.

ప్రభుత్వం చేయవలసింది కొండంత ఏమీ కాదు. పంట కోతలు ముగిసి వలసలు మొదలయ్యే ముందు కదిరి ప్రాంతంలోని ప్రతి మండల కేంద్రంలో ఒక రోజు శిబిరం పెట్టి, దరఖాస్తును తెలుగులో చదివి వినిపించి, పుట్టిన తేదీలు సరిచూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు, వారు తీసుకోదగిన సొమ్ము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమేనన్న సంగతి పంచాయతీ కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో దరఖాస్తుదారు పేరు మీదే వస్తుంది. వాకిట్లో కాచుకున్న ఏజెంటుకు కాక, ఆమె చేతికే ఇవ్వాలని పోస్టుమాన్లకు అధికారులు మరోసారి గట్టిగా చెప్పాలి.